పాట కింద పేరు

జోగారావు గారిని నేను క్షమించలేదు. ఇది చదివాక మీకు క్షమించాలనిపిస్తే అది మీ మంచితనం. నా దగ్గర ఆ సరుకు లేదు.

ఆయన ఏలూరులో ప్లీడరు. పల్లెపాటలు పోగుచేయడం ఆయనకో సరదా. యుద్ధం ముగిసిన ఏడాది కార్తీకంలో మా లంకకి వచ్చాడు. కొల్లేటి మధ్యన మట్టిదిబ్బ మీద కట్టుకున్న ఊరు మాది. ఎవరొచ్చినా దోనె మీదే రావాలి, దోనె మీదే పోవాలి. ఆయన వచ్చిన రోజు నేను వేటలో ఉన్నాను. మా అరుగు మీద కూర్చుని, మా ఇంటిదాని చేత పాటలు పాడించుకుని, అన్నీ రాసుకుని, "అచ్చు వేయించి నీకో కాగితం పంపుతానమ్మా" అని చెప్పి వెళ్ళాడు.

అచ్చు వేయించాడట. కాగితం రాలేదు.

మా ఇంటిది ఆ కాగితం కోసం రెండు వరదల కాలం చూసింది. ఏలూరు వైపు నుంచి పడవ వస్తే చాలు, అల్లుతున్న వల పక్కన పడేసి రేవుకి పోయేది. "నాకేమన్నా ఇచ్చి పంపారా అండీ?" అని పడవ నడిపే సరంగుని అడిగేది. తనకి చదువు రాదు. నేను లంక బడిలో ఐదో క్లాసు దాకా చదివాను. కాగితం వచ్చిన రోజున మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాలని నా చేత ఒట్టు వేయించుకుంది. మూడో వరదకి తను లేదు. జ్వరం అన్నారు.

అప్పటినుంచి కాగితాలు పట్టుకుని లంకకి వచ్చినవాళ్ళతో నేను మాట్లాడలేదు. జనాభా లెక్కల గుమాస్తా వస్తే దోనె ఎక్కి వెళ్ళిపోయాను. నా వయసు మా అక్క అమ్మాజీ తనకి తోచినంత చెప్పింది. సర్కారు లెక్క ప్రకారం నేను మా అక్క కంటే పెద్దవాణ్ణి.

ఆంధ్రరాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన ఏడాది ఈ సంగతి జరిగింది. వరద తీసింది. నీళ్ళు తేరుకున్నాయి. గూడకొంగలు దిగుతున్నాయి. ఒక శనివారం పొద్దున్న మా రేవులో ఒక అమ్మాయి దిగింది. తెల్లచీర, భుజాన గుడ్డసంచీ. బురద చూసి చెప్పులు చేత్తో పట్టుకుంది. బుద్ధి ఉన్న మనిషే అనుకున్నాను. అంతలో మా అక్కతో ఏదో మాట్లాడి, సంచీలోంచి కాగితాలు తీసింది. నేను లేచాను.

"ఎక్కడికిరా?" అంది అక్క గుమ్మంలోంచి. "టీచరమ్మకి దోనె కావాలంట. లంకలన్నీ తిరగాలంట."

"ఊళ్ళో దోనెలే లేవా?"

"అన్నీ వేటకి పోయాయి. మొహం మాడ్చుకుని ఖాళీగా కూర్చున్నవాడివి నువ్వొక్కడివే."

ఆ అమ్మాయి నమస్కారం పెట్టింది. "నా పేరు విక్టోరియా అండి. ఏలూరులో ఆడపిల్లల స్కూల్లో పని చేస్తున్నాను. మాది తాడేపల్లిగూడెం. మా నాన్నగారు అక్కడ మిషను స్కూలు మాస్టారండి. వాల్తేరు యూనివర్సిటీకి కొల్లేటి పాటల మీద థీసిస్ రాస్తున్నాను."

"అంటే రాసుకుపోతారు."

"అవునండి. రాసి, ఎవరు పాడారో వాళ్ళ పేరు కింద రాస్తాను."

"అందరూ అలాగే అంటారు."

"ఎవరన్నారో చెప్పండి, వాళ్ళ పేరూ రాసుకుంటాను."

అక్క పకపకా నవ్వింది. అక్క అంతలా నవ్వి చాలా కాలమైంది. నేను దోనె తోసే గెడ అందుకున్నాను. ఎందుకు అందుకున్నానని ఇప్పుడడిగితే చెప్పలేను.

విక్టోరియా శనివారం శనివారం వచ్చేది. పెదపాడు వైపు గట్టు దగ్గర ఎక్కించుకుని, లంకలు తిప్పి, పొద్దు వాలకముందే మళ్ళీ గట్టుకి చేర్చేవాణ్ణి. ఆదివారం చర్చికి అందుకోవాలనేది. పాట వినేటప్పుడు బాగానే ఉండేది. పాట అయ్యాక మొదలయ్యేది అసలు గొడవ. పాడింది ఎవరు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎప్పుడు? ఎక్కడ? పోలీసు వాళ్ళు నయం.

పక్క లంకలో తాతాజీ అని ఒక ముసలాయన ఉండేవాడు. పళ్ళు లేకపోయినా పాట బాగుండేది. ఆయన పాడటం అయ్యాక ఈ అమ్మాయి అడిగింది.

"ఎవరి దగ్గర విన్నారు తాతగారూ?"

"మా అమ్మ దగ్గర."

"మీ అమ్మగారి పేరేంటండి?"

తాతాజీ తెల్లబోయాడు. "అమ్మే."

"అదేనండి, అమ్మగారి పేరు."

"అమ్మకి పేరేంటమ్మా? నేనెప్పుడూ పిలవలేదు. నాన్న 'ఒసేయ్' అనేవాడు. అది రాసుకుంటావా?"

ఆ పిల్ల నవ్వలేదు. ముసలాయన చెల్లెలు వేరే లంకలో బతికే ఉందని తెలుసుకుని, నా చేత దోనె తిప్పించి, అక్కడికి పోయి, ఆ తల్లి పేరు కనుక్కుని రాసుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"పాట రాసుకున్నారు కదా. చచ్చిపోయిన ముసలమ్మ పేరుతో ఏం పని?" అన్నాను తిరిగి వచ్చేటప్పుడు.

"పోలయ్య గారూ, పక్కవాడు పెట్టుకున్న మావులో చేపను మీరు తీసుకుంటే ఏమవుతుందండి?"

మావు అంటే వెదురుపుల్లలతో అల్లిన బుట్ట. నీళ్ళలో పెడితే చేప లోపలికి పోతుంది, బయటికి రాలేదు. ఎవరి మావు వాళ్ళది.

"గెడతో కొడతాడు."

"మా చదువుల్లో గెడలుండవండి. అందుకని పేరు రాస్తాం. ఇది ఫలానావారి మావులోది, నేను పట్టింది కాదు అని. పేజీ అడుగున, చిన్న అక్షరాలతో."

"అడుగున రాస్తే ఎవరు చదువుతారు?"

"అనుమానం వచ్చినవాళ్ళు చదువుతారండి."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

కార్తీకం చివర్లో ఒక శనివారం గాలి లేదు. దోనె కిక్కిస గడ్డి దుబ్బుల మధ్యన పోతోంది. విక్టోరియా సంచీలోంచి ఒక పాత పత్రిక తీసింది.

"ఒక చిక్కు వచ్చి పడిందండి. మీ ఆడవాళ్ళు వల అల్లుతూ పాడే పాట ఉంది కదా, గాలివానలో దోనె తప్పిపోయినవాడి పాట. అన్ని లంకల్లోనూ ఒకేలా పాడారు." సన్నగా పాడి వినిపించింది.

*ఏడున్నావో పలకవయ్యా పోలయ్యా*
*నీ గెడ కొస కనిపిస్తె చాలయ్యా*

"పాటలోవాడికి మీ పేరే ఉంది, చూశారా?"

"ఈ లంకల్లో రాయి విసిరితే పోలయ్యకే తగులుతుంది."

"కాని ఇదే పాట ఇందులో అచ్చయింది. పోలయ్య అనే మాట ఉన్నచోట ఇంకో మాట ఉంది. మా ప్రొఫెసరు గారు అచ్చులో ఉన్నదే సరైనదంటున్నారు. మిగతావాళ్ళు మరిచిపోయి పోలయ్య అంటున్నారట. దీన్ని చూసి, ఆ మాట ఎవరో సరంగు పేరని మరో ఇద్దరు పెద్దలు వ్యాసాలు కూడా రాశారు."

"ఎవరు వేయించారు అచ్చు?"

"ఏలూరు ప్లీడరు జోగారావు గారండి."

నేను దోనె తిప్పడం మొదలుపెట్టాను.

"ఎక్కడికండి?"

"గట్టుకి. దిగిపోండి. వేరే దోనె చూసుకోండి."

"నేనేమన్నా తప్పుగా అన్నానా అండి?"

"ఆ పేరు నా దోనెలో ఎక్కకూడదు."

ఆ పిల్ల మెల్లిగా అంది. "దిగిపోతానండి. ఈ ఒక్కటి మాత్రం చెప్పండి. ఈ చుట్టుపక్కల ఇలాంటి మనిషి ఎవరైనా ఉండేవాడా?" పత్రిక దగ్గరగా పెట్టుకుని చదివింది.

"ఏడున్నావో పలకవయ్యా తులసి నాన్నా."

గెడ బురదలో దిగి ఉంది. నేను లాగలేదు. దోనె మాత్రం తన దారిన పోయింది. గెడ వెనక నీళ్ళలో నిలబడిపోయింది.

"పోలయ్య గారూ! గెడ!"

ఇద్దరం చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెనక్కి వచ్చాం. చీర కొంగంతా తడిసింది ఆ పిల్లకి. గెడ చేతికి దొరికాక నేను అన్నాను. "అలాంటి సరంగు ఎవరూ లేడు."

అది నిజం. గట్టుకి చేర్చి దించేశాను.

మా ఇళ్ళలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు. పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని నమ్మకం. మొగుడు కూడా పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడు. పెళ్ళయి గుమ్మంలోకి వచ్చిన రోజున మాత్రం ఆడపడుచు అడ్డం నిలబడి ఇద్దరి చేతా పేర్లు చెప్పిస్తుంది. చెప్పాకే లోపలికి దారి. జన్మకి ఆ ఒక్కసారే. ఆ తర్వాత పిల్లలు పుడితే పిల్లల పేరు మీద పిలుచుకుంటారు.

మాకు ఒక్కతే పుట్టింది. తులసి. గుమ్మం పట్టుకుని నిలబడటం నేర్చిన ఏడాదే పోయింది. మేం బాధపడతామని ఊరంతా ఆ పేరు ఎత్తడం మానేసింది. మా ఇంటిది మానలేదు. "తులసి నాన్నా, గంజి తాగి పో." "తులసి నాన్నా, గాలి తిరిగింది, దూరం పోకు." బతికినన్నాళ్ళూ నన్ను అలాగే పిలిచింది. ఇంకెవరూ నన్ను అలా పిలిచేవాళ్ళు కాదు.

వల అల్లే చోట ఆడవాళ్ళంతా ఆ పాట పాడేటప్పుడు, పోలయ్య అన్న దగ్గర మా ఇంటిది నోరు మూసుకునేది. మిగతావాళ్ళు కావాలని ఆ మాటే గట్టిగా అరిచేవాళ్ళు. నేను అటుగా పోతుంటే మరీ గట్టిగా. తను తలొంచుకుని నవ్వేది. ఇంట్లో ఒక్కతీ ఉన్నప్పుడు మాత్రం ఆ చోటు ఖాళీగా వదలకుండా తన మాట పెట్టుకునేది. అది విన్నది నేనొక్కణ్ణే అనుకున్నాను.

తర్వాతి శనివారం నేను గట్టుకి పోలేదు. ఆ తర్వాతిదీ పోలేదు. అక్క తిట్టింది. తిట్టనిచ్చాను.

మూడో శనివారం విక్టోరియా ఎవరి దోనె మీదో వచ్చింది. నేను పెరట్లో వల ఆరేస్తున్నాను. వీధి అరుగు మీద మాటలు వినపడుతున్నాయి.

"ఆయన్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదండి, అమ్మాజీ గారూ. చెప్పి వెళ్దామని వచ్చాను. థీసిస్ ఈ నెలాఖరుకి పంపాలి. ఆ పాట ఒక్కటీ తేలలేదు. ఎవరు పాడారో నేను చూపించలేకపోతే జోగారావు గారి పేరే రాయాలంటున్నారు మా ప్రొఫెసరు గారు."

"పాట మాది, పేరు ఆయనదా?"

"అచ్చులో ఉన్నది ఆయన పేరే కదండి. కాని ఆ మాటని ఎవరో కావాలని మార్చారని నాకు గట్టి నమ్మకం. పోలయ్యా, చాలయ్యా అని పాట చక్కగా కలుస్తుంది. తులసి నాన్నా అంటే కలవదు. కలవదని తెలిసి కూడా పెట్టారంటే వాళ్ళకి ఏదో కారణం ఉండాలి."

అక్క గొంతు మారింది.

"ఏమన్నావమ్మా? ఏ నాన్నా?"

"తులసి నాన్నా అండి."

అక్క పెరటి గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు తుడుచుకోవడం లేదు. నీళ్ళు వాటి దారిన పోతున్నాయి. "అదుగో, తులసి నాన్న. వల ఆరేసుకుంటున్నాడు చూడు," అంది.

విక్టోరియా అక్క వెనక నిలబడి నన్ను చూసింది. చేతిలో కలం ఉంది, రాయడం లేదు. అక్క అంతా చెప్పేసింది. తులసి సంగతి, నోరు మూసుకోవడం సంగతి, కాగితం కోసం రేవుకి పోవడం సంగతి. నేను ముడి వేసిన చోటే మళ్ళీ ముడి వేస్తున్నాను.

"మీరు విన్నారా అండి, ఆవిడ అలా పాడగా?" అంది విక్టోరియా.

"నా ఎదుట పాడుతుందా? నోరు మూసుకునేదని చెప్పానుగా. వీడికే తెలియాలి."

"అయితే మీరు చెప్పింది నేను రాయకూడదండి. విన్నవారే చెప్పాలి." నా వైపు తిరిగింది. "పోలయ్య గారూ, విన్నారా అండి?"

"విన్నాను."

"ఆవిడ పేరు?"

నేను అక్క వైపు చూశాను. అక్కకి తెలుసు. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అక్క చెప్పబోయింది. నోరు తెరిచింది కూడా. ఏం తోచిందో, మూసేసి, రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నేను చెప్పను. వాడే చెప్పాలి. పెళ్ళినాడు ఈ గుమ్మంలోనే చెప్పించాను. చెప్పందే లోపలికి రానివ్వను."

"అక్కా, పరాచికాలా ఇప్పుడు?"

"పరాచికాలేరా. నీ ఇంటిది ఉంటే తనూ ఈ పరాచికాలు ఆడేది కాదా?"

వల వదిలేసి లేచాను. గుమ్మం ముందుకి వచ్చాను. అక్కకి జుట్టు నెరిసింది. అడ్డు మాత్రం తీయలేదు.

"బుల్లెమ్మ," అన్నాను.

విక్టోరియా రాసుకుంది. "ఇంకొక్కసారి చెప్పండి. సరిగ్గా రాయాలి."

"బుల్లెమ్మ."

రెండోసారి అంత కష్టం కాలేదు.

నేను చెప్పింది చాలదట. రాసుకుపోయిన జోగారావు గారు కూడా అవునని ఒప్పుకోవాలట, లేకపోతే ప్రొఫెసరు గారు నమ్మరట. మొగుడు చెప్పిన మాట పెళ్ళాం కోసం కల్పించిందనుకోవచ్చు కదండి, అంది విక్టోరియా. ఇంకెవరైనా ఆ మాట అంటే దోనెలోంచి తోసేవాణ్ణి.

ఏలూరులో కాలువ గట్టున ఆయన మేడ. మనిషి ముసలివాడైపోయాడు. ఒక కంట్లో పువ్వు వేసింది. విక్టోరియాని కుర్చీలో కూర్చోమన్నాడు. నన్ను ఏమీ అనలేదు. నిలబడ్డాను.

అమ్మాయి వచ్చిన పని చెప్పింది. ఆయన నవ్వాడు.

"చూడమ్మాయ్. పాట ప్రజలది. గాలికి పేరేమిటి, నీళ్ళకి పేరేమిటి? ఒకావిడ పాడింది. ఇంకొకావిడ పాడినా అదే పాట. అందుకే 'కొల్లేటి జాలరుల నోట విన్నది' అని రాశాను. తప్పా?"

"పాట అందరిదేనండి. ఈ ఒక్క మాట అందరిదీ కాదు. లంకలన్నీ తిరిగాను, ఇంకెవ్వరి నోటా లేదు. ఎవరు పాడారో మీరు రాయలేదు. దాంతో లేని సరంగు ఒకడు పుట్టుకొచ్చాడు. మీ వ్యాసం చూసి ఒకాయన వాడికి ఊరు కట్టబెట్టారు. ఇంకొకాయన వాడు పడవల పోటీల్లో గెలిచాడని రాశారు."

"అవునా?" అన్నాడు. సరదాపడ్డాడు కూడా. అప్పుడు నా వైపు చూశాడు. "ఇతనెవరు?"

"ఆ లేని సరంగుని నేనేనండి," అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది.

"మా ఇంటిదాని పేరు ఎందుకు రాయలేదండి?"

"అడగలేదయ్యా. పరాయి ఆడమనిషి. మగాడు ఇంట్లో లేడు. పేరు అడగడం మర్యాద కాదనుకున్నాను."

"పాట అడగడం మర్యాదే అయిందా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు.

"కాగితం పంపుతానన్నారంట."

"మరిచిపోయాను," అన్నాడు.

ఆ మాట ఒక్కటీ నిజం చెప్పాడు. అందుకే అది నాకు గుచ్చుకుంది. పంపకూడదని పంపకపోతే పోట్లాడవచ్చు. మరిచిపోయినవాడితో ఏం పోట్లాడతాం?

విక్టోరియా కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఆ మాట దగ్గర ఆవిడ ఎలా పాడారో గుర్తుందా అండి? మామూలుగానే పాడారా?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. నాకు వెళ్ళిపోదామనిపించింది.

"ఆగింది," అన్నాడు చివరికి. "అవును. ఆ మాట దగ్గర ఆగిపోయింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. కలం పట్టుకుని చూస్తున్నాను. నీళ్ళ వైపు తిరిగి చూసింది, ఎవరైనా వింటారేమో అన్నట్టు. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పాడింది. ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదమ్మాయ్. పాటేమో ఏడుపు పాట."

ఆ రోజు నేను ఆ నీళ్ళ మీదే ఉన్నాను. తను నా వైపే చూసింది. ఆ చూపు ఇన్నేళ్ళూ ఈ మనిషి దగ్గర పడి ఉంది.

జోగారావు గారు ఒక కాగితం తీసి, ఆ పాట ఫలానా లంకలో ఫలానా ఇంటి అరుగు మీద ఆ ఇంటి ఇల్లాలే పాడిందని రాసి, సంతకం పెట్టాడు. తర్వాత బీరువా తెరిచి పాత పత్రిక ఒకటి దుమ్ము దులిపి నాకు అందించాడు. ఈసారి "మీరు" అన్నాడు. "మీరు కూర్చోండి పోలయ్య గారూ, కాఫీ తాగి వెళ్ళండి."

పత్రిక తీసుకున్నాను. కాఫీ తాగలేదు.

కాలువ గట్టు మీద విక్టోరియా సంచీ ఒళ్ళో పెట్టుకుని రాసింది. రాసి చదివింది.

"పాటకి ఈ పాఠం కీర్తిశేషురాలు బుల్లెమ్మ గారిది. చెప్పినవారు, ఆమె భర్త పోలయ్య. సరిపోయిందా అండి? తప్పులుంటే ఇప్పుడే చెప్పండి."

"ఒకటుంది."

"ఏంటండి?"

"ఆ రెండో పేరు తను పలకదు. తన పేరు పక్కన దాన్ని పెట్టకండి."

"మరి చెప్పినవారి పేరు ఉండాలి కదండి. అది రూలు."

"ఉండాలి. తను పిలిచిన పేరు రాయండి."

ఆ పిల్ల కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. కాలువలో పడవ ఒకటి పోయింది, దాని వెనక అల గట్టుకి వచ్చి తగిలింది. "వెనక, పాటలు చెప్పినవాళ్ళందరి పేర్లూ ఇచ్చే చోట పోలయ్య అనే ఉంటుంది," అంది. "అక్కడ తప్పదండి. ఇక్కడ మీరు చెప్పినట్టే రాస్తాను. ప్రొఫెసరు గారితో నేను పోట్లాడుకుంటాను."

ఆ సాయంత్రం ఒక్కణ్ణే దోనె మీద వస్తూ, లంక కనిపించే చోట గెడ దించి ఆపాను. పత్రిక తీసి మొదటినుంచి చదివాను, గట్టిగా. జోగారావు గారి ముందుమాట కూడా చదివాను. అందులో సగం నాకు అర్థం కాలేదు, తనకీ అయ్యేది కాదు. ఒట్టు ఒట్టే. పాట దగ్గరకి వచ్చాక చదవలేదు, పాడాను. నా గొంతు బాగుండదు. నీళ్ళ మీద కొంగలు తప్ప ఎవరూ లేరు.

మాఘంలో విక్టోరియా మళ్ళీ వచ్చింది. థీసిస్ వాల్తేరులో ఒప్పుకున్నారట. టైపు కొట్టిన ఆ ఒక్క పేజీ కాపీ నాకోసం తెచ్చింది. పోస్టులో పంపవచ్చు కదా అన్నాను. "పంపుతానన్నవాళ్ళ సంగతి చూశాం కదండి," అంది. రేవులోనే నా చేతిలో పెట్టి, వచ్చిన దోనె మీదే వెళ్ళిపోయింది. పొద్దు వాలకముందే గట్టుకి చేరాలి.

పేజీ అడుగున సన్నటి గీత ఉంది. గీత కింద చిన్న అక్షరాలు. నిలబడి చదువుకున్నాను.

*పాడినవారు: బుల్లెమ్మ. విని చెప్పినవారు: తులసి నాన్న.*

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది. అక్కకీ చదువు రాదు. కాగితం వైపు చూసి, నా మొహం వైపు చూసి, రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడింది.

"ఏం రాశారురా అందులో?"

"ఇద్దరం వచ్చామని రాశారు," అన్నాను. "దారి వదులు."

అక్క పక్కకి జరిగింది.